ఖర్చులేని ముచ్చట్లు

పొద్దున ఏడున్నరకు మోహన్‌రాజ్ సోఫాలో వెనక్కి వాలి బనీను పైకెత్తాడంటే, వాసంతి వంటింట్లో ఏ పనిలో ఉన్నా వదిలేసి రావాలి. అతను పిలవడు. ఒక చేత్తో బనీను ఎత్తిపట్టుకుని ఇంకో చేత్తో ఫోను చూసుకుంటూ, పొట్టను ఆమె కోసం పరిచిపెట్టినట్టు కూర్చుంటాడు. ఆమె ఇన్సులిన్ పెన్నుకు కొత్త సూది బిగించి, చివరనున్న మరను ఇరవై రెండుకు తిప్పి, బొడ్డు పక్కన చర్మాన్ని రెండు వేళ్ళతో మడిచి పట్టుకుని పొడవాలి. దిగిన సూదిని పదంకెలు లెక్కపెట్టేదాకా తీయకూడదు. ఆ పదంకెలూ బొటనవేలితో పెన్నును నొక్కిపట్టాలి. వాసంతి బొటనవేలి కణుపు నానిన శనగగింజలా ఉబ్బి ఉంటుంది. పొద్దునపూట ఆ వేలు ఆమె మాట వినదు. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టుకుంటుంటే అంకె అంకెకూ మణికట్టు దాకా సలుపు పాకుతుంది.

"మెల్లగా. నీ చెయ్యి వణికితే నాకు నొప్పి పెడతాంది," అంటాడు మోహన్‌రాజ్, మొహం గోడవైపు తిప్పుకుని. సూది బయటికి రాగానే ఒక తేన్పు తేన్చి, బనీను దించుకుని, మళ్ళీ ఫోనులోకి వెళ్ళిపోతాడు. సూదిని చూస్తే కళ్ళు తిరుగుతాయని అతను తొమ్మిదేళ్ళ కింద ఒకసారి చెప్పాడు. జన్మనక్షత్రం లాగా ఆ మాటను ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. మళ్ళీ ఎవరూ అడగలేదు.

ఆ ఇంట్లో రెండు జబ్బులు. అతనిది తొమ్మిదేళ్ళ చక్కెర జబ్బు. ఆమెది ఆరేళ్ళ కీళ్ళవాతం. అతని జబ్బు వచ్చినప్పుడు ఇల్లంతా జరిగి దానికి చోటిచ్చింది. బియ్యం పోయి కొర్రలొచ్చాయి. పండగకు చేసే బెల్లం పోళీలు ఆగిపోయాయి. ఎనిమిదికి టిఫిను, పదకొండుకూ నాలుగుకూ గుప్పెడు ఉడికించిన శనగల సుండల్, ఒంటిగంటకు భోజనం, వేళ తప్పితే అందరి గొంతులూ లేచేవి. ఆమె జబ్బు వచ్చినప్పుడు దాని మాత్రల డబ్బాకు ఇంగువ సీసా వెనక చోటు దొరికింది. అంతే. "సుగర్ అంటే జబ్బు. నీది వొళ్ళు నొప్పి. వొళ్ళు నొప్పి లేని ఆడది యాడుంది?" అంది అత్త కనకవల్లి, అప్పుడే, మొదటి నెలలోనే. ఆవిడ కోపంగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. అందుకే ఆ మాట ఇంట్లో నిలబడిపోయింది.

వాసంతి చెన్నై మింట్ వీధిలో ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తుంది. వేళ్ళు వంకర తిరగడం మొదలయ్యాక ఆమె రాత మారింది. పక్క బల్ల దగ్గర కూర్చునే శరణ్య ఒక సర్టిఫికెట్ పట్టుకుని, "అక్కా, ఇది ఏ భాష?" అని అందరికీ వినపడేలా నవ్వింది. మర్నాటి నుంచి వాసంతికి ముద్రలు కొట్టే పని ఇచ్చారు. కూర్చుని చేసే పనే గదా అన్నాడు హెడ్‌క్లర్కు. ముద్ర కొట్టడానికి కలం పట్టుకునేదానికంటే ఎక్కువ బలం కావాలని అతనికి చెప్పాలనుకుంది. ముద్రల పెట్టె దగ్గరికి జరుపుకుంది. సెలవులన్నీ గురువారాలకే అయిపోయేవి. వీధి చివర ధర్మాసుపత్రిలో గురువారం చక్కెర జబ్బు డాక్టరు వస్తాడు. అదే గురువారం, అదే వేళకు, పదకొండో నంబరు గదిలో కీళ్ళవాతం డాక్టరు కూడా వస్తాడు. మోహన్‌రాజ్ కోసం లైనులో నిలబడేది వాసంతి. అతను ఫ్యాను కింద కూర్చుంటాడు, నిలబడితే కాళ్ళు తిమ్మిరెక్కుతాయని. అతని పని అయ్యేసరికి పదకొండో గది తలుపు మూసేసి ఉంటుంది. ఏడాదిగా ఆమె పాత చీటీ చూపించి మందుల షాపులో అవే మాత్రలు కొనుక్కుంటోంది.

ఆ ఆసుపత్రిలోనే మైత్రి పరిచయమైంది. పాతికేళ్ళ పిల్ల. మానని జబ్బులున్న దంపతులకు నెలకొకసారి, ఆదివారం, మేడమీది హాల్లో సమావేశం పెడుతుంది. జబ్బు వస్తే మొగుడూ పెళ్ళాలు నర్సూ రోగీ అయిపోతారనీ, అట్లా కాకుండా చూసుకోవాలనీ ఆమె తమిళమూ తెలుగూ కలిపి చెప్పింది. చివర్లో అందరికీ ఒక కాగితం పంచింది. జంటగా బయటికి వెళ్ళడానికీ, కలిసి కూర్చోవడానికీ ఖర్చులేని ఇరవై ముచ్చట్లు. ఏదీ రెండొందల రూపాయలు దాటకూడదు, ఇద్దరిలో ఎవరూ అలిసిపోకూడదు. కాగితం మీద రెండు పిచ్చుకల బొమ్మ. వాసంతి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఎవరూ అలిసిపోకూడదు అన్న చోట ఆమె కళ్ళు ఆగాయి. ఇంతకుముందు ఆమె కోసం ఎవరూ ఆ మాట రాసిపెట్టలేదు.

మోహన్‌రాజ్‌కు కాగితం బాగా నచ్చింది. నలుగురి ముందు, "ఏమే, డేట్‌కు పోదామా?" అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడి స్టీలు సామాన్ల కొట్లో అతనికి పెద్దగా పని లేదు, పేరుకు కూర్చుంటాడు. అక్కడ ఎవరూ అతని మాటకు నవ్వరు. ఇంటికొచ్చి కాగితాన్ని ఫ్రిజ్జుకు అతికించి, అయినవాటి మీద టిక్కు పెట్టడానికి ఎర్ర పెన్ను ఒకటి పక్కన వేలాడగట్టాడు.

మొదటిది మేడమీద వెన్నెల్లో భోజనం. వాళ్ళది రెండో అంతస్తు. మేడమీదికి ఇరవై ఎనిమిది మెట్లు, నిటారుగా, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేనివి. సాయంత్రం స్కూలు నుంచి రాగానే వాసంతి కొర్రన్నం వండి, కూరగాయల కూటు చేసి, మూడు విడతలుగా మెట్లెక్కింది. అన్నమూ కూటూ ఒకసారి, చాపా నీళ్ళూ ఒకసారి, ఇన్సులిన్ పెన్నూ దోమల బత్తీ ఒకసారి. మూడోసారి ఎక్కేటప్పుడు చేతులతో మోకాళ్ళను నొక్కుకుంటూ, గోడకు భుజం ఆనించుకుంటూ ఎక్కింది. మోహన్‌రాజ్ చంద్రుడు పైకొచ్చాక వచ్చాడు. బనీను ఎత్తాడు. ఆమె ఆ వెన్నెల్లో మర మీద అంకె కనపడక, ఫోను దీపం పెట్టుకుని, పదహారుకు తిప్పి పొడిచింది. తిన్నాడు. చంద్రుణ్ణి ఫోటో తీశాడు. "ఎంత బాగుండాది. దినామూ ఇట్ల ఎందుకు చేయలేదో మనం," అన్నాడు. తర్వాత దోమలు కుడుతున్నాయని కిందికి దిగిపోయాడు. గిన్నెలు ఎత్తుతుంటే కూతురు నందిత వచ్చింది, కాలేజీ రికార్డు రాస్తూ మధ్యలో లేచి. తల్లిని చూసి, "విడుమా, నేను తీసుకుపోతాను," అని గిన్నెలు అందుకుంది. కిందికి వచ్చేసరికి ఫ్రిజ్జు మీద ఎర్ర టిక్కు పడి ఉంది.

రెండోది ఒకరి పాదాలు ఒకరు ఒత్తుకోవడం. ఆదివారం మధ్యాహ్నం. కనకవల్లి లోపల పడుకుని ఉంది. మోహన్‌రాజ్ కాళ్ళు ముందు చాపాడు. చక్కెర జబ్బు కాళ్ళను రోజూ చూసుకోవాలని డాక్టరు చెప్పినందుకు వాసంతికి ఆ పాదాలు కొత్తవి కావు. అయినా ఆ మధ్యాహ్నం, గిన్నెలో వేడి నీళ్ళు పెట్టుకుని, పగిలిన మడమల మీద నూనె రాస్తుంటే, తెల్లటి చచ్చిన చర్మం ఆమె వేళ్ళ సందుల్లో ఉండలు కట్టింది. వేళ్ళ మధ్య నుంచి పుల్లటి వాసన వచ్చింది. అతను కళ్ళు మూసుకుని, "ఆడ. ఆడ్నే. ఇంకొంచెం గట్టిగా," అన్నాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. తను పెళ్ళి చేసుకున్న మనిషి పాదం గదా, దీన్ని చూసి వాంతి రావచ్చునా అని ఆలోచించింది. ఇరవై రెండేళ్ళుగా ఈ మనిషి విడిచిన బట్టలు, తుమ్మిన తువ్వాళ్ళు, తిని వదిలిన కంచాలు ఎత్తింది. అప్పుడు రానిది ఇప్పుడెందుకొచ్చింది? బహుశా అప్పుడూ వచ్చి ఉంటుంది. దానికి కూడా ఇంగువ సీసా వెనక చోటు చూపించి ఉంటుంది తను.

ఆమె వంతు వచ్చింది. అతను ఆమె కుడి పాదం తీసుకుని రెండుసార్లు నొక్కాడు. వాచిన కణుపు మీద అతని వేలు పడగానే ఆమె కాలు వెనక్కి లాక్కుంది. "ఇట్ల ముట్టుకోనీకపోతే నేనేం చేయల్ల?" అని అతను చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకోవడం ఆమె చూసింది. ఆమె పాదం తాకిన చేతిని అతను ఆమె చీర కొంగుకే తుడిచాడు. లేచి వెళ్ళి టిక్కు పెట్టాడు.

మూడోది అతనే ఏరుకున్నాడు. టి. నగర్ వెళ్ళి, ఏమీ కొనకుండా పాండీ బజారు వీధి చివరిదాకా కలిసి నడిచి, ఒక కాఫీ ఇద్దరూ పంచుకోవాలి. శనివారం మధ్యాహ్నం బయల్దేరారు. ఎలక్ట్రిక్ ట్రైనులో చవక. మాంబళం స్టేషను వంతెన మెట్లు ఎక్కి దిగేసరికే వాసంతికి మోకాళ్ళలో నిప్పులు పోసినట్టుంది. సంచి ఆమె భుజానే ఉంది. అందులో అతని పెన్ను, సుగరు చూసే మిషను, గ్లూకోజు పొడి, బిస్కట్లు, నీళ్ళు, సుండల్ డబ్బా. బజారులో వెడల్పాటి కాలిబాట మీద ఒక బెంచీ కనపడగానే ఆమె కూర్చుంది. "నువ్వు ఈడ్నే ఉండు. నాకు ఐదువేల అడుగులు కావల్ల. తిరిగొస్తా," అని మోహన్‌రాజ్ ఫోనులో అడుగుల లెక్క చూసుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు.

వాసంతి అలా కూర్చుంది. పక్కన ఒక ముసలాయన పేపరు చదువుకుంటున్నాడు. ఎవరో పిల్లలు సబ్బు బుడగలు ఊదుకుంటూ వెళ్ళారు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అరగంట గడిచాక తనకు హాయిగా ఉందని ఆమెకు తెలిసింది. తెలిసిన వెంటనే తప్పు చేసినట్టు వాచీ చూసుకుంది. నాలుగైంది. నాలుగున్నర. అతను సుండల్ తినే వేళ దాటిపోయింది. ఫోను చేస్తే ఎత్తడం లేదు. పోయిన ఏడాది ఒకసారి ఇట్లాగే సుగరు పడిపోయి కొట్లో చెమటలు పట్టి కూలబడ్డాడు. ఆమె లేచింది. సంచి వేసుకుని, కుంటుకుంటూ, వచ్చేపోయేవాళ్ళను తోసుకుంటూ, ప్రతి షాపు మెట్ల మీదా అతను పడి ఉన్నాడేమోనని చూసుకుంటూ నడిచింది. గ్లూకోజు పొట్లం చేతిలోనే పట్టుకుంది. దేవుడా, దేవుడా అనుకుంది. తను ఆ బెంచీ మీద హాయిగా ఉన్నందుకే ఇట్లా జరిగింది అని కూడా అనుకుంది.

అతను ఒక మిఠాయి షాపు ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో ఆకు దొన్నె. అందులో గోధుమ హల్వా, నెయ్యి కారుతూ. కళ్ళు సగం మూసుకుని, నాలుకతో పైపళ్ళను నాకుతూ తింటున్నాడు. గడ్డం మీద నెయ్యి మెరుస్తోంది. లోపలున్న షాపు మనిషి తమిళంలో, "సార్, మైసూర్‌పాక్ ఈ వారం కూడా అర కిలోనా?" అని అడిగాడు.

ఈ వారం కూడా.

మోహన్‌రాజ్ ఆమెను చూశాడు. తడబడలేదు. అదే ఆమెను నిలబెట్టేసింది. కొంచెమైనా తడబడి ఉంటే ఆమె ఎప్పటిలాగే సర్దుకునేది. అతను చెంచాతో ఒక ముక్క తీసి ఆమె నోటి దగ్గర పెట్టాడు. "తిను. డేట్ గదా," అన్నాడు నవ్వుతూ. ఆమె నోరు తెరవలేదు. నెయ్యి బొట్టు ఆమె జాకెట్టు మీద పడింది. "ఎన్ని దినాలుగా?" అని అడిగింది. "సుమ్మా, ఊరికే ఎప్పుడన్నా ఒకసారి. దానికింత మొహం పెట్టల్నా? రాత్రికి రెండు యూనిట్లు ఎక్కువ తిప్పి ఏసేయి. సరిపోతాది," అన్నాడు.

ట్రైనులో అతను కిటికీ పక్క కూర్చుని నిద్రపోయాడు. వాసంతి అతని తెరిచిన నోట్లోకి చూస్తూ కూర్చుంది. తొమ్మిదేళ్ళుగా రిపోర్టు వచ్చిన ప్రతిసారీ ఆ ఇంట్లో విచారణ జరిగేది. "ఏం పెట్టినావు నా బిడ్డకు?" అనేది కనకవల్లి. ఆమె కొర్రలు కొలిచి వండింది. తన నోటికి తీపి తగిలి ఎన్నేళ్ళయిందో. అతని ముందు తినడం పాపమని, నందితకు కూడా పుట్టినరోజు కేకు స్నేహితుల ఇంట్లోనే తినమని చెప్పింది. అంకె పెరిగినప్పుడల్లా తన వంటలో ఎక్కడ తప్పు జరిగిందోనని వెతుక్కుంది. అతనికి తెలుసు. ప్రతిసారీ, ఆ విచారణ జరుగుతున్నంతసేపూ, అతనికి తెలుసు. ఆ సోఫాలోనే కూర్చుని, తల్లి పెళ్ళాన్ని తిడుతుంటే విని, బనీను ఎత్తాడు. రెండు యూనిట్లు ఎక్కువ. అతను నాకిన నెయ్యిని ఆమె వాచిన వేలితో తుడవాలి. ఆమెకు మళ్ళీ అదే అసహ్యం వచ్చింది. ఈసారి దాన్ని వద్దనుకోలేదు. ఎగ్మూరులో ట్రైను ఆగినప్పుడు తలుపు దాకా వెళ్ళి గాలి పీల్చుకుని వచ్చి, అతనికి కొంచెం దూరంగా, ఎదుటి సీట్లో కూర్చుంది.

మర్నాడు ఆదివారం సమావేశం. మైత్రి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఎవరెవరు ఏమేం చేశారో చెప్పమంది. మోహన్‌రాజ్ లేచి నిలబడ్డాడు. "మా ఇంటామెకు నడవను కాదు, పాపం. దానికోసం నేను బెంచీ చూసి కూర్చోబెట్టినాను. తొందరేం లేదు, నువ్వు మెల్లగా రా అన్నాను. నా చేత్తో తినిపించినాను గూడా," అన్నాడు. చప్పట్లు కొట్టారు. పాప్పాత్తి అని ఒకావిడ, మొగుడి డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు వచ్చేది, వాసంతి చెయ్యి పట్టుకుని, "ఇట్లాంటి మొగుడు దొరకల్లంటే పుణ్యం చేసుకొనుండల్ల," అంది. పట్టుకున్న వేళ్ళు నొప్పి పెట్టాయి. "అక్కా, మీరు చెప్పండి," అంది మైత్రి. "దానికి సిగ్గు," అన్నాడు మోహన్‌రాజ్. అందరూ మళ్ళీ నవ్వారు. వాసంతి పాప్పాత్తి మొహంలోకి చూసింది. ఆవిడ నవ్వుతూనే ఉంది కానీ కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. ఈమె కూడా ఇంటి దగ్గర ఎన్ని మెట్లు ఎక్కుతోందో అనుకుంది వాసంతి.

గురువారం వచ్చింది. పొద్దున్నే రక్తం ఇవ్వాలి కాబట్టి మోహన్‌రాజ్ ఏమీ తినలేదు, సూదీ వేయించుకోలేదు. పెన్ను వాసంతి సంచిలో ఉంది. ఎప్పటిలాగే లైనులో నిలబడింది ఆమె. డాక్టరు భక్తవత్సలం పెద్దాయన, మంచివాడు, తొందర మనిషి. పోయిన వారం చేసిన పరీక్ష కాగితం చూసి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. చూసింది వాసంతి వైపు.

"ఏమ్మా, ఏం పెడతాండావు ఈయనకు? మూడు నెలల సుగరు సగటు పది దాటిపోయింది. ఇట్లయితే కాలు పోతాది, కన్ను పోతాది."

జాగ్రత్తగా చూసుకుంటాను డాక్టర్ అన్న మాట ఆమె నాలుక మీదికి వచ్చేసింది. తొమ్మిదేళ్ళ అలవాటు. ఆమె దాన్ని మింగి, మోహన్‌రాజ్ వైపు తిరిగి, అతను చెప్తాడేమోనని చూసింది. నిజంగానే చూసింది. ఒక్క మాట చాలు. అతను గోడ మీద క్యాలెండరు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"దాన్నేం అనబాకండి డాక్టర్. దానికీ వొళ్ళు బాగలేదు. ముందు మాదిరి నన్ను చూసుకోలేకపోతాంది."

ఆ మాటలో ఉన్న దయ వాసంతి ఒంటి మీద జిగటగా పాకినట్టయింది. కనకవల్లి తిట్లకు కూడా ఇంత రోత పుట్టలేదు.

"డాక్టర్," అంది వాసంతి. "ఏం తింటాండారో ఆయన్నే అడగండి. వారం వారం పాండీ బజార్‌లో అర కిలో ఏం కొంటాండారో కూడా అడగండి. ఇంకొకటి. ఈయనకు సూది ఎట్ల ఏసుకోవల్నో నేర్పియ్యండి."

"ఇన్నాళ్ళూ ఎవరు ఏస్తాండారు?"

"నేను."

డాక్టరు కలం దించాడు. "చేతులు ఇట్ల పెట్టు," అన్నాడు. ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. వేళ్ళు ఒక పక్కకు ఒరిగి, కణుపులు ఎర్రగా, బొటనవేలు సగానికి వంగి. ఆయన వాటిని ముట్టుకోలేదు. "ఈ చేతుల్తోనా?" అని, ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియనట్టు, కాగితాల్లోకి చూశాడు. తర్వాత కేక వేసి నర్సును పిలిచాడు.

"సూది చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి డాక్టర్. ఇది మా ఇంటి వ్యవహారం, ఇంట్లో చూసుకుంటాం," అంటున్నాడు మోహన్‌రాజ్. తర్వాత వాసంతి వైపు వంగి, గొంతు తగ్గించి, "ఇంటికి రా, చెప్తా," అన్నాడు. ఆమె సంచిలోంచి పెన్ను, సూదుల డబ్బా, సుండల్ డబ్బా, గ్లూకోజు పొట్లం, మిషను ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. తన ఫైలు ఒక్కటి సంచి అడుగున మిగిలింది. ఏడాదిగా బయటికి రాక దాని అంచులు మడత పడి ఉన్నాయి.

నర్సు చిన్నపొన్నుకు ఇవేమీ కొత్తగా అనిపించినట్టు లేదు. "చిన్న బిడ్డలే ఏసుకుంటారు సార్. ఎత్తండి చొక్కా," అని అతని చేతిలో పెన్ను పెట్టింది. మర తిప్పించింది. చర్మం మడిచి పట్టుకోవడం చూపించింది. మోహన్‌రాజ్ నుదుట చెమట పట్టింది. అతను వాసంతి వైపు చూశాడు, తన కష్టాన్ని ఆమె చూస్తోందా లేదా అని. ఆమె చూస్తోంది. జాలి వస్తుందేమోనని భయపడింది. రాలేదు.

ఫైలు చంకన పెట్టుకుని ఆమె తలుపు దాకా వెళ్ళింది. పదకొండో గది ఇంకా తెరిచే ఉంటుంది, ఇప్పుడు వెళ్ళి నిలబడితే. వెనక నుంచి చిన్నపొన్ను గొంతు వినిపించింది, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది అని.

"ఏమే," అన్నాడు మోహన్‌రాజ్. అతని గొంతులో చిన్నపిల్లవాడి ఆశ్చర్యం ఉంది. "ఇందులో నొప్పే లేదే."

వాసంతి తలుపు పట్టుకుని వెనక్కి చూసింది.

"ఉండింది," అంది. "ఇన్ని దినాలూ నాకుండింది."